సంబరానికి ఇంగ్లీషు మాట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు లెక్చరర్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. "ఇంటర్వ్యూలకు పిల్లల్ని ఎలా తయారు చేసేవాళ్లు మేడం? ఆ కిటుకేదో మాకూ చెప్పండి" అంటారు. కిటుకూ లేదు, పాడూ లేదు. నాకు బాగా తెలిసింది ఒక్క పిల్ల సంగతి. అది చెబుతాను. మీకు పనికొస్తే వాడుకోండి, రాకపోతే పక్కన పెట్టండి. నా నోరు కాస్త గట్టిదని నా దగ్గర చదువుకున్న వాళ్లందరికీ తెలుసు కాబట్టి మధ్యలో ఎవరినైనా కసిరితే ఏమీ అనుకోకండి.

నేను హిందూపురంలో ఒక డిప్లొమా కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇల్లు పెనుకొండలో. రోజూ పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. రిటైరవడానికి కొంచెం ముందు మా ప్రిన్సిపాలు నన్ను పిలిచి, "మీకు ఇంగ్లీషు వచ్చు కదా మేడం, పిల్లల ఉద్యోగాల ఇంటర్వ్యూలు కూడా మీరే చూసుకోండి" అన్నారు. ఇంగ్లీషు రావడం ఆ కాలేజీలో అంత పెద్ద నేరం. ఏ కాగితం రాయాలన్నా, ఏ అతిథి వచ్చినా నా తలకే చుట్టేవాళ్లు. సరేనన్నాను.

మొదటి ఇంటర్వ్యూలకు వచ్చిన కంపెనీ వాళ్లు పోతూ పోతూ నాతో ఒక మాట అన్నారు. "మీ పిల్లలకు సబ్జెక్టు బాగా వచ్చండీ. కానీ ఏం లాభం? 'నువ్వు ఏదైనా గొప్పగా సాధించిన రోజు ఎలా అనిపించింది' అని అడిగితే ఒక్కొక్కరూ 'నార్మల్ సార్' అంటారు. వాళ్లకు పని మీద ఇష్టముందో లేదో మాకెలా తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండింది. కంపెనీ వాళ్ల మీద కాదు, మా పిల్లల మీద. నార్మల్ అట, నార్మల్! ఫస్టు క్లాసు వచ్చినా నార్మలే, కబడ్డీలో కప్పు గెలిచినా నార్మలే. మరుసటి రోజే ఫైనలియర్ క్లాసులోకి పోయి, "ఈ రోజు నుంచి నా క్లాసులో హ్యాపీ అనే మాట ఎవరైనా అంటే బయట నిలబెడతా. నార్మల్ అంటే ఇంటికే పంపిస్తా" అని చెప్పాను. బోర్డు నిండా సంతోషాన్ని చెప్పే మాటలు రాశాను. డిలైటెడ్, థ్రిల్డ్, ఎలేటెడ్, ఓవర్‌జాయ్డ్, జూబిలెంట్, ఎక్స్టాటిక్, ట్రయంఫంట్. వాటి పక్కన పిల్లలకు సరదాగా ఉంటుందని 'ఓవర్ ది మూన్' కూడా రాశాను.

మడకశిర నుంచి వచ్చే పిల్లాడొకడు లేచి, "మేడం, చందమామ దాటి యాడికి పోతాము మేడం?" అన్నాడు.

"ముందు ఈ క్లాసు దాటి పోతావు, కూర్చో" అన్నాను.

ఒక్కొక్కరిని లేపి చెప్పించాను. ఎవరి నోట చూసినా ఆ మాటలు హాజరు పలికినట్టే వచ్చాయి. తల వంచుకుని, చేతులు కట్టుకుని, 'ఐ యామ్ జూబిలెంట్ మేడం' అని నేలకు చెప్పేవాళ్లు. పక్కనున్న వర్క్‌షాపులో పని నేర్పే మాస్టరు ఒకాయన ఉండేవారు. నాతో సమానమైన వయసు, సమానమైన నోరు. ఆయన తలుపు దగ్గర ఆగి, "ఏం మేడం, ఎవురు పోయినారు? సంతాపసభ జరుగుతాంది ఈడ!" అన్నారు. పిల్లలందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. నవ్వడం వచ్చు కదా, మరి ఆ మాట అనడానికేం రోగం?

నేను చెప్పబోయే పిల్ల ఆ క్లాసులోదే. ధర్మవరంలో పట్టు చీరలు నేసే ఇంటి పిల్ల. మెకానికల్ డిప్లొమా. ఆ బ్రాంచిలో ఆడపిల్లలు తక్కువ. ఆకురాయి పట్టుకుని ఇనుము రాచిందంటే పక్కన పిడుగు పడినా తల తిప్పేది కాదని వర్క్‌షాపు మాస్టరు చెప్పేవారు. అప్పటికే రెండు కంపెనీల వాళ్లు ఆమెను వద్దన్నారు. రెండు చోట్లా ఒకే కారణం. ఉత్సాహం లేదట!

ఇక మిగిలింది ఒక్కటే. పెనుకొండ దగ్గర హైవే పక్కన యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అచ్చులూ పనిముట్లూ తయారుచేసే టూల్ రూమ్‌లోకి ఆడపిల్లల్ని కూడా ట్రెయినీలుగా తీసుకునేది మా చుట్టుపక్కల అదొక్కటే. అదీ పోతే ఆ పిల్ల ధర్మవరంలో ఒక చీరల షాపులో బిల్లులు రాయడానికి చేరాలి. వాళ్ల నాయన అప్పటికే షాపాయనతో మాట్లాడి పెట్టాడు. చెడ్డ మనిషేమీ కాదు. "నీడపట్టున పని పాపా, ఇంటికి దగ్గర" అని మంచిగానే చెప్పాడట.

ఆ పిల్లా నేనూ వచ్చేది ఒకే రైలు. ఆమె ధర్మవరంలో ఎక్కేది, నేను పెనుకొండలో ఎక్కేదాన్ని. ఒకరోజు ఎదురు సీట్లో కూర్చుని, "బిల్లులు రాసే పని నీకు ఇష్టమేనా?" అని అడిగాను.

"నాకు ఇనుము పని కావల్ల మేడం" అంది. మళ్లీ కిటికీలోకి చూసింది. ఆ ఒక్క మాట అనేటప్పుడు ఆమె గొంతులో పట్టుదల వినిపించింది. ఆ పట్టుదల నాకు నచ్చింది. ఈ పిల్లకు ఈ ఉద్యోగం ఇప్పించకపోతే నేను చెప్పిన ఇంగ్లీషు ఎందుకు, తగలబెట్టడానికా అనుకున్నాను.

ఆ రోజు నుంచి రైలే మా క్లాసు. నేను ఇంటర్వ్యూ చేసే మేనేజరు, ఆమె ఆమే.

"నువ్వు సాధించిన గొప్ప పని ఏమిటి?"

"మా ఇంట్లో మగ్గం బాగు చేసినా మేడం."

అడగ్గా అడగ్గా సంగతి బయటికి వచ్చింది. మగ్గం పైన జాకార్డు పెట్టె ఉంటుంది. దాంట్లోని కొక్కేలు వరుస ప్రకారం పైకి లేచి పోగుల్ని లాగితేనే చీర మీద బొమ్మ పడుతుంది. వాళ్ల మగ్గంలో కొక్కేలను లేపే ముక్క ఒకటి అరిగిపోయి, అంచులో వచ్చే ప్రతి నెమలికీ మెడ దగ్గర గాటు పడేదట. షాపువాళ్లు చీరలు తిప్పి పంపేవాళ్లట. మెకానిక్ వచ్చి చూసి, పెట్టె పాతబడింది, పారేసి కొత్తది కొనుక్కోండి అని వెళ్లిపోయాడు. ఈ పిల్ల ఆ అరిగిన ముక్కను మా కాలేజీ వర్క్‌షాపుకు తెచ్చుకుని, కొలతలు తీసుకుని, అలాంటిదే ఉక్కుతో చేసింది. మొదటిది సరిపోలేదు, పారేసింది. రెండోది విరిగింది. మళ్లీ చేసింది. ఆఖరికి అది పెట్టెలో కూర్చుంది.

నాకు ఒళ్లు పులకరించింది. "అబ్బ! మరి అది కూర్చున్నప్పుడు ఎట్ల అనిపించింది?"

"ఏముండాది మేడం. ఆడింది."

"ఆడింది! అంతేనా?"

"అంతే మేడం."

"ఐ వాజ్ ఎక్స్టాటిక్ అను!" అని అరిచాను. రైలు పెట్టెలో శనక్కాయలమ్మే మనిషి ఉలిక్కిపడి గంప దింపేశాడు.

పిల్ల మెల్లగా, "అనను మేడం" అంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా ముఖం మీద అనను అన్న పిల్లలు లేరు. "ఎందుకనవు?"

"ముక్క మార్చినాక నేసిన మొదటి చీర ఇంకా మగ్గం మీదే ఉండాది మేడం. మగ్గం మీద చీర ఉన్నప్పుడు బాగుండాది, గెలిచినాము అని అనగూడదు. అంటే పోగులు తెగుతాయని మా అవ్వ చెప్తాది."

"ఇంగ్లీషులో అంటే మగ్గానికి అర్థమవుతుందా?"

"మగ్గానికి కాకపోయినా దిష్టికి అర్థమవుతాది కదా మేడం."

ఏం చెప్పమంటారు దీనికి? దిష్టీ లేదు, గిష్టీ లేదు అని హిందూపురం స్టేషను వచ్చేదాకా తిట్టాను. ఆ పిల్ల దిగేటప్పుడు, "ఆదివారం చీర దిగుతాది మేడం. మా ఇంటికి రండి" అంది. తిట్లు తిని ఇంటికి పిలిచే పిల్లను ఏమంటాం? వస్తానన్నాను.

ఆదివారం ధర్మవరం పోయాను. ముందు గదిలో గుంటలో దించిన మగ్గం, దాని వెనక వాళ్ల నాయన. అమ్మ పక్కన నిలబడి ఉంది. గడప దగ్గర అవ్వ కూర్చుని ఉంది. నాయన చీర కోసి, తీసి, పరిచాడు. వంకాయ రంగు చీర. అంచు పొడుగునా జరీ నెమళ్లు. ఒక్కదానికీ మెడ దగ్గర గాటు లేదు. నేను వంగి వంగి చూశాను. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. మనసులో ఉన్నది నోట్లో దాచుకునే అలవాటు నాకెప్పుడూ లేదు. "అబ్బబ్బ! ఎంత బాగుందండీ! ఇంత అందమైన చీర నేనెక్కడా చూడలేదు!" అనేశాను.

ఇంట్లో అందరూ బిగుసుకుపోయారు. నాయన చేతిలోని కత్తెర అలాగే ఆగింది. అవ్వ లేచి నిలబడి, "ఏమ్మా టీచరమ్మా, సదువుకున్నదానివే, అంత మాట అనేస్తివే! ఇంటికొచ్చి కన్ను పెడితివే!" అంటూ వంటింట్లోకి పోయి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది. చీరకు దిష్టి తీసింది. చాలక నాకూ తీసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పిల్ల నా పక్కకు వచ్చి గుసగుసగా, "తిట్టండి మేడం. చీరను తిట్టండి. దిష్టి పోతాది" అంది.

"తిట్టడమేంది?"

అవ్వ చూపించింది ఎలాగో. నడుం మీద చేతులు పెట్టుకుని చీర వైపు తిరిగి, "థూ! ఏం చీర ఇది, పాడు చీర! దిక్కుమాలిన చీర! దీన్ని ఎవురు కడతారు, గోనెపట్ట నయం!" అంది. అమ్మ అందుకుంది. "నేసిన మనిషికి కండ్లు లేవు, ముక్క చేసిన పిల్లకు చేతులు లేవు!" ఆ తిట్టేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి మీరు. అవ్వకు పళ్లు లేని నోరంతా నవ్వే. ఎంత గట్టిగా తిడితే అంత సంబరమన్నమాట! పిల్ల తలొంచుకుని ఆ తిట్లన్నీ తింటోంది, ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. తిట్టడం నాకు ఒకరు నేర్పాలా? కొంగు నడుముకు దోపి, "ఇదేం చీర! ఇవి నెమళ్లా, ఈకలు పీకిన కోళ్లా? ఇట్లాంటి చీరను ధర్మవరం నుంచి బయటికి పంపితే ఊరి పరువేం కావాలి?" అని మొదలుపెట్టాను. క్లాసులో ఫెయిలైన బ్యాచినంతా నిలబెట్టి ఇచ్చే వాయింపు మొత్తం ఆ చీరకు ఇచ్చాను. అంతసేపూ నోరు విప్పని నాయన మగ్గం మీదికి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అవ్వ నా చెంపలు రెండు చేతులతో నిమిరి మెటికలు విరిచింది. "ఈయమ్మ మనమ్మే" అంది.

తిరుగు రైల్లో నాకు ఒకటే ఆలోచన. ఈ ఇంట్లో సంబరం లేదని ఎవడన్నాడు? బోర్డు మీద నేను రాసిన మాటలన్నీ పోగేసినా ఆ అవ్వ తిట్లకు సాటిరావు. ఆ పిల్ల కొత్తగా ఏదో నటించక్కర్లేదు. ఇంట్లో జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెబితే చాలు. విన్నవాళ్లకు అదే అర్థమవుతుంది.

మరుసటి రోజు నుంచి రైల్లో తిట్లకు ఇంగ్లీషు మాటలు నేర్పాను. రెచిడ్, గుడ్ ఫర్ నథింగ్, వర్స్ దేన్ ఎ గన్నీ బ్యాగ్. ఎక్స్టాటిక్ అనలేని పిల్ల వీటిని గడగడా అనేసేది. కాలేజీలో కూడా ఒకసారి చెప్పించాను. వర్క్‌షాపు మాస్టరు విని, "సంతోషం పాఠం అయిపోయి తిట్ల పాఠం పెట్టినారా మేడం? ఇది మీకు బాగా వస్తాది" అన్నారు. ఆయనకూ ఒక ఇంగ్లీషు తిట్టు అంటించాను.

ఇంటర్వ్యూ రోజు పిల్లలు పెనుకొండలో రైలు దిగారు, అక్కడి నుంచి అందరం ఫ్యాక్టరీ బస్సులో పోయాం. మా కాలేజీ పిల్లలు కొందరు, వేరే కాలేజీల వాళ్లు కొందరు. ఆ పిల్ల నా పక్కన కూర్చుని, "ఇంకో చీర ఎక్కించినాము మేడం. పెండ్లిచీర. నిన్ననే సగమైంది" అంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. నా ఆలోచనంతా ఆ గదిలో ఏం జరుగుతుందోనని.

కాలేజీ తరఫున వచ్చినవాళ్లు వెనకాల కుర్చీలో కూర్చోవచ్చు, కానీ నోరెత్తకూడదు అన్నారు. నన్ను నోరెత్తవద్దనడం! అయినా కూర్చున్నాను. టేబుల్ వెనక ముగ్గురు. తమిళనాడు నుంచి వచ్చిన మేనేజరు, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఒకావిడ, టూల్ రూమ్ నడిపే కన్నడాయన. పిల్ల పనికి సంబంధించిన ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. చివరికి వచ్చింది ఆ ప్రశ్న.

పిల్ల చెప్పింది. కొక్కెం, ముక్క, విరిగింది, మళ్లీ చేసింది, చీర దిగింది, అవ్వ తిట్టింది. రెచిడ్ శారీ, గుడ్ ఫర్ నథింగ్ శారీ అంతా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నేను వెనకాల గర్వంగా కూర్చుని ఉన్నాను.

మేనేజరు కళ్లద్దాలు సవరించుకుని ఇంగ్లీషులో అడిగాడు. "అంటే చీర బాగా రాలేదన్నమాట. నీ రిపేరు పూర్తిగా కుదరలేదు. అంతేనా?" అని కాగితం మీద ఏదో రాయబోయాడు.

అయ్యో నా తల్లీ, నేను చెప్పించిన కథే దీని కొంప ముంచుతోందే! ఆయన ఊళ్లో ఇలా తిడతారో లేదో నేనొక్క క్షణమైనా ఆలోచించానా? సగం లేచాను. ఆవిడ నా వైపు చూసింది. మళ్లీ కూర్చున్నాను. పిల్ల చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. అనవే, అనవే అని లోపల్లోపల మొత్తుకున్నాను.

"నో సార్" అంది.

మేనేజరు పెన్ను ఆపాడు.

"పర్‌ఫెక్ట్ సార్. ఆల్ పీకాక్స్ పర్‌ఫెక్ట్." ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "మెకానిక్ సెడ్ త్రో ఇట్. ఐ డిడ్ నాట్ త్రో. ఫస్ట్ పీస్ ఫెయిల్. సెకండ్ పీస్ బ్రోకెన్. థర్డ్ పీస్ ఐ మేడ్, సార్. ఐ మేడ్. ఐ వన్, సార్!" అని అరచేత్తో టేబుల్ మీద కొట్టింది. మంచినీళ్ల గ్లాసు గలగలలాడింది. కొట్టాక తన చేతిని తానే భయంగా చూసుకుంది.

నేను నేర్పిన మాటల్లో ఒక్కటీ అందులో లేదు. ఆ ఇంగ్లీషులో తప్పులున్నాయి. అంత గొప్ప ఇంగ్లీషు నా సర్వీసులో నేను వినలేదు.

టూల్ రూమ్ కన్నడాయన ముందుకు వంగి, తెలుగులో, "మూడోది ఎందుకు విరగలేదమ్మా?" అని అడిగాడు. అంతే, పిల్ల భయం మరిచిపోయి మూల దగ్గర గుండ్రంగా రాచిన సంగతి చేతులతో చూపించడం మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

బయటికి రాగానే పిల్ల వరండా గోడకు ఆనుకుని నిలబడింది. ముఖం పాలిపోయింది. "మేడం, అనేసినా మేడం. ఇంటికాడ పెండ్లిచీర మగ్గం మీద ఉండాది. నేనట్ల అనేసినా" అంది. అప్పుడు తెలిసింది నాకు, బస్సులో ఆ మాట ఎందుకు చెప్పిందో. ఆ టేబుల్ మీద దెబ్బ కొట్టడానికి ఆ పిల్ల ఏం పణం పెట్టిందో. నేను దిష్టీ లేదు గిష్టీ లేదు అనలేదు. నా ఫోన్ తీసి చేతిలో పెట్టాను.

"నాయనా, మగ్గం ఆడుతా ఉండాదా?" అని అడిగింది.

అవతల నుంచి మగ్గం చప్పుడు నాకూ వినిపించింది. "ఆడుతాంది పాపా. ఏమి?"

"ఏం లేదు నాయనా" అని ఫోన్ పెట్టేసి, నేల మీద కూర్చుని ఏడ్చింది. దాని పక్కనే నేనూ చతికిలబడ్డాను. మోకాళ్ల నొప్పులని కూడా గుర్తు రాలేదు.

సాయంత్రం ఇంటర్వ్యూ గదిలోని ఆవిడ వరండాలోకి వచ్చి పేర్లు చదివింది. పిల్లలందరూ చుట్టూ చేరారు. మా పిల్ల పేరు చదివింది. టూల్ రూమ్ ట్రెయినీ. ఇంకేమో చదువుతూనే ఉంది, నేను వినలేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

ఏదో అనాలి. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఒక్క మాటా రాలేదు. తెలుగూ రాలేదు. చిన్నప్పుడు మా అన్నల వెంట పెనుకొండ కొండ మీద తిరిగి నేర్చుకున్న విద్య ఒకటి ఉంది. పెళ్లయ్యాక మళ్లీ దాని జోలికి పోలేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాను. వరండా ఈ చివర నుంచి ఆ చివరి దాకా మోగింది.

సెక్యూరిటీ మనిషి లాఠీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఎవుడప్పా అది ఈల వేసింది? ఇది సినిమా హాలు అనుకున్నారా?" మగపిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

నేను ముందుకు వచ్చాను. "నేనే."

ఆయన నా నెరిసిన జుట్టు చూశాడు, కళ్లద్దాలు చూశాడు. "మీరా మేడం?"

"నమ్మకం లేకపోతే ఇంకోసారి విను" అని మళ్లీ వేశాను. ఈసారి ఇంకా గట్టిగా.